కంప తీసి మళ్లీ వేసి: నెల్లూరు దారుల్లో నాలుగు రోజులు

తిరిగొచ్చి మూడు రోజులైంది. పిక్కల నొప్పి ఇంకా తగ్గలేదు. చెప్పులు దులిపితే ఉదయగిరి మట్టి ఇంకా రాలుతోంది. మర్చిపోకముందే రాసేయాలని కూర్చున్నాను.

మా చెల్లెలి కూతురు రెండేళ్లు స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో చదువుకుని ఈ సంక్రాంతికి ఇంటికొచ్చింది. అక్కడ శనివారం వస్తే చాలు, సంచి భుజాన వేసుకుని కొండలెక్కడం అలవాటైన పిల్ల. పండగ మూడు రోజులూ అరిసెలు తింటూ ఇంటిపట్టున ఉండి, కనుమ సాయంత్రం "మామా, ఇక్కడ నడవాలంటే ఎక్కడికి పోవాలి?" అనడిగింది. "ఎక్కడికైనా పోవచ్చమ్మా, ఎవరొద్దంటారు?" అనేశాను. అన్నాక ఆలోచనలో పడ్డాను. నా చిన్నప్పుడు అది నిజం. బడి లేని రోజు పొద్దున బయటపడితే చేలకు అడ్డం పడి కాలవ దాటి సముద్రం దాకా పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్లం. ఆ దారులు ఇప్పుడూ ఉన్నాయా? చూద్దామని ఇద్దరం బయల్దేరాం. ఒక బైకు, రెండు మూడు బస్సులు, మిగతాదంతా కాళ్లే.

జనవరి 17, మైపాడు

పొద్దున్నే మా వీధి చివర బండి దగ్గర పులిబొంగరాలు తిన్నాం. ప్లేటు 40 రూపాయలు, ఆరు వస్తాయి. పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా, ఎర్రకారం అద్దుకుంటే కళ్లల్లో నీళ్లు తిరిగేలా ఉన్నాయి. రెండేళ్లు వీటి కోసం మొహం వాచిపోయానని మా పిల్ల రెండు ప్లేట్లు లాగించింది.

మైపాడు బీచ్‌లో సంక్రాంతి జనం ఇంకా పల్చబడలేదు. మేం ఆగకుండా ఒడ్డు పట్టుకుని ఉత్తరానికి నడిచాం. గంటసేపట్లో జనం పోయి, అలలూ పీతలూ మిగిలాయి. నేను వెతుకుతున్నది ఒక దారిని. సముద్రం ఒడ్డు నుంచి సరుగుడు తోపులో పడి, బకింగ్‌హాం కాలవ మీదుగా మా పెద్దమ్మ వాళ్ల ఊరికి పోయే ఇసక బాట. వేసవి సెలవుల్లో నేను దాని మీద ఎన్ని వందల సార్లు నడిచానో. తోపు ఉంది, పల్చగా. దాని వెనక బాట మొదలయ్యే చోట ఇనప గేటు. గేటుకు అటూ ఇటూ కనుచూపు మేర రొయ్యల గుంటలు, వాటిల్లో ఏరియేటర్లు గిరగిరా తిరుగుతూ నీళ్లు చిమ్ముతున్నాయి.

కాపలా ఉన్న పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "యాడికి సామీ?"

ఫలానా ఊరికి, పాత దారిన, అని చెప్పాను.

"దారేడుంది సామీ ఇప్పుడు? ఓనరు ఒప్పుకోడు. నన్ను తిడతాడు."

మాట్లాడుతుండగానే బైకు మీద గుంటలాయన వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. కోపంగా ఏం లేడు, అలిసిపోయి ఉన్నాడు. గుంట చుట్టూ కట్టిన వల చూపించాడు. మోకాలెత్తు ఆకుపచ్చ వల, కింది అంచు మట్టిలో పూడ్చేసి ఉంది. పీతలు లోపలికి దూరకుండా. నీళ్ల మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దారాలు లాగి ఉన్నాయి, కొంగలు వాలకుండా. గేటు పక్కనే మందు నీళ్ల తొట్టి, అడుగు పెట్టేవాడు పాదాలు అందులో ముంచాలి. "పీత మోసుకొస్తది, పక్షి మోసుకొస్తది, మనిషి కాలు కూడా మోసుకొస్తదన్నా. పక్కాయన గుంట తొక్కి వచ్చి నా గట్టెక్కితే చాలు. తెల్లమచ్చ రోగం వచ్చిందంటే వారంలో గుంట ఖాళీ. పోయినసారి నాకట్టనే పోయింది. లీజు డబ్బులు కూడా రాలా." ఇలా చెబుతున్న మనిషితో నా చిన్ననాటి దారి గురించి వాదించడానికి నాకు మనసు రాలేదు.

కానీ ఒక మాట మాత్రం అడిగాను. 2005లో తీరప్రాంత ఆక్వా చట్టం వచ్చినప్పుడు పెట్టిన నిబంధనల్లో, పక్కపక్కనున్న ఇద్దరి గుంటల మధ్య కనీసం 20 మీటర్ల జాగా వదలాలని ఉంది. వేట రేవులకూ ఉమ్మడి అవసరాలకూ జనం పోయి రావడానికే ఆ జాగా. అది ఎక్కడ? ఆయన అటూ ఇటూ చూసి, "నేను లీజుకు తీసుకున్నోణ్ని. నేనొచ్చేసరికే గట్టుకు గట్టు ఆనుకోని ఉండాయి" అన్నాడు. అబద్ధం చెబుతున్నాడని అనిపించలేదు.

వెనక్కి తిరిగాం. కాలవ గట్టున పోతే ఊరు తగులుతుందనుకుని ఎడమకు మళ్లాను. అది తప్పు. మూడు కిలోమీటర్లు పోయాక గట్టు ఇంకో గుంటల వరసలో కలిసిపోయింది, అక్కడ రెండు కుక్కలు, ఒక ముళ్లతీగ. ఎండ నడినెత్తికొచ్చింది. మళ్లీ మూడు కిలోమీటర్లు వెనక్కి.

చివరికి ఒక పట్టపుపాలెం, అంటే జాలర్ల పల్లె, చేరాం. ఇసకలో చేపలు ఎండబెడుతున్న ఒకావిడ మా అవతారాలు చూసి కుండలో నీళ్లు ముంచిచ్చింది. దారి సంగతి ఎత్తగానే చేతిలో చేప కింద పెట్టేసింది. "మీరు షికారుకొచ్చి తిరిగిపోతారు నాయనా. మేం గంప నెత్తిన పెట్టుకోని రోజూ పోవాల. ముందు తోపులో పడి పోతే రోడ్డు. ఇప్పుడు గుంటలన్నీ చుట్టుకోని పోవాల. ఆటోకి ఇస్తే లాభమేడ మిగిలేది?" ఆ మాట నా మనసులోంచి పోలేదు. నాకు జ్ఞాపకమైన దారి ఆమెకు కూలి. విహారానికి వచ్చేవాళ్లకు దారి కావాలని అడిగేటప్పుడు ఈమెను పక్కన నిలబెట్టుకుని అడగాలి, లేకపోతే ఆ అడగడంలో బలం ఉండదు.

వాళ్ల మరిది నడిపే పాకలో అన్నం తిన్నాం. మామిడికాయ వేసిన చేపల పులుసు, రొయ్యల వేపుడు, ఇద్దరికీ కలిపి 260 రూపాయలు. నిన్నటి పులుసట, అందుకే అంత రుచి.

తింటూ మా పిల్ల స్కాట్లండ్ సంగతి చెప్పింది. 2003లో అక్కడి పార్లమెంటు భూసంస్కరణ చట్టం చేసింది, 2005 ఫిబ్రవరి నుంచి నడవడానికి హక్కు అమల్లోకి వచ్చింది. భూమి ఎవరిదైనా సరే నడవొచ్చు, సైకిలు తొక్కొచ్చు, గుర్రమెక్కొచ్చు, చెరువులో తెడ్డు పడవ వేసుకోవచ్చు, రాత్రికి చిన్న గుడారం వేసుకుని పడుకోవచ్చు. మోటారు బండి తేకూడదు. వేటాడకూడదు. ఇంటి పెరట్లోకి పోకూడదు. పంట ఉన్న చేలో దిగకూడదు, అంచున నడవాలి. "ఇంకోటుంది మామా, గేటు ఎలా ఉంటే అలాగే వదిలి పోవాలి. మూసుంటే మూసి, తెరిచుంటే తెరిచి."

"మరి అక్కడ రొయ్యల గుంట ఉంటే?" అన్నాను. కాసేపు ఆలోచించి, "పని జరిగే చోట ఆ పనికి అడ్డం రాకూడదు. పక్క నుంచి పోవాలి. కానీ పక్కన దారి ఉండాలి కదా" అంది.

పక్కన దారి ఉండాలి. సముద్రం ఒడ్డు విషయంలో మన నిబంధనలూ ఆ మాటే అంటాయి. తీరంలో రెండు హోటళ్ల మధ్య జనం ఒడ్డుకు పోవడానికి కనీసం 20 మీటర్ల సందు వదలాలని 1991 నాటి తీర నియంత్రణ ప్రకటనలోనే ఉంది. గోవాలో ఒక బీచ్‌కి జనం నడిచే పాత దారి మీద ఒక హోటల్ కట్టడం వస్తే, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయి, 2009లో తీర్పు జనం వైపే వచ్చింది. కాగితం మీద మనం మరీ వెనకబడి ఏం లేము.

జనవరి 18, కోవూరు పక్క పల్లె

మా నాన్నకు తెలిసిన ఒక రిటైర్డ్ సర్వేయరు గారు కోవూరు పక్కనే ఉంటారు. ఎనభై దాటాయి. వెళ్లేసరికి వరండాలో మొలగొలుకుల బియ్యం చాటలో పోసుకుని రాళ్లు ఏరుతున్నారు. విషయం చెప్పగానే లోపలికి పోయి, గుడ్డలో చుట్టిన పాత గ్రామ పటం నకలు తెచ్చి మంచం మీద పరిచారు.

ఆ పటాన్ని నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మడతల దగ్గర చిరిగి, వెనక గుడ్డ అతికించి ఉంది. నల్ల గీతల మధ్య సర్వే నంబర్లు, హద్దు రాళ్ల గుర్తులు. వాటి మధ్యన చుక్కచుక్కలుగా రెండు గీతలు పక్కపక్కనే పోతే బండి బాట, ఒకటే పోతే కాలిబాట. వేలితో పట్టుకుని పోతే ఊరి నుంచి చెరువుకు, చెరువు నుంచి గుడికి, గుడి నుంచి పెన్న రేవుకు దారి దొరుకుతుంది. చిన్నప్పుడు నడిచి నేర్చుకున్నదంతా ఎవరో మహానుభావుడు గొలుసు పట్టుకుని కొలిచి కాగితం మీద పెట్టాడు.

"ఇదిగో ఈ డొంక," అని ఆయన ఒక చోట గోరు పెట్టారు. "25 లింకులు. అంటే పదహారున్నర అడుగులు. రెండు బండ్లు ఎదురొస్తే ఒకటి ఒరిగి నిలబడేంత. ఇది ఎవరి పట్టా కాదు, పోరంబోకు. పోయి కొలుచుకో."

పోయి కొలిచాం. పాదం పక్కన పాదం పెట్టి మా పిల్ల కొలిచింది. ఐదడుగులు, కొన్నిచోట్ల నాలుగు. రెండు వైపులా చేలు ఏటా సాళ్లు ముందుకు జరుపుకుంటూ వచ్చాయి. ఏ రైతూ ఒక్కరోజులో ఆక్రమించలేదు. నాగలి ఒక జానెడు పక్కకు పోతుంది, మరుసటేడు ఇంకో జానెడు.

తిరిగొచ్చాక ఆయన మజ్జిగ ఇప్పించి, చట్టం సంగతి చెప్పారు. అప్పట్లో మన నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం మొదట్నించీ మనకు వర్తిస్తుంది. పక్కవాడి పొలం మీదుగా నీ పొలానికి బాహాటంగా, గొడవ లేకుండా, ఎవరూ ఆపకుండా 20 ఏళ్లు నడిస్తే అది నీ హక్కవుతుంది. సర్కారు భూమైతే 30 ఏళ్లు.

"కానీ ఒకటి గుర్తుంచుకో అబ్బయా. అడిగి నడిస్తే హక్కు రాదు. అడిగావంటే అది వాడి దయ అని నువ్వే ఒప్పుకున్నట్టు. వద్దంటే ఆగిపోవాల్సిందే."

నాకు అది మింగుడు పడలేదు. మా ఇంట్లో నేర్పింది అడగమనే కదా. మర్యాదగా అడిగినవాడికి హక్కు లేదు, అడగకుండా నడిచినవాడికి ఉంది! ఆయన తల ఊపి, "ఇంకోటి కూడా చెప్తా విను. ఆ హక్కు పొలం ఉన్నవాడికి, తన పొలం కోసం. కొండ చూడ్డానికో గాలి పీల్చడానికో వచ్చిన నీకు కాదు. నీకు మిగిలేది డొంకే. లేదంటే ఊరంతా ఎప్పట్నించో నడుస్తున్నామని ఆచారం చూపించాల" అన్నారు.

ఇంగ్లండు సంగతి మా పిల్ల చెప్పింది. అక్కడ కాలిబాటలు జిల్లాల పటాల్లో ఎక్కి ఉంటాయి. పటంలో గీత ఉంటే భూమి ఎవరిదైనా నడవొచ్చు, రైతు దున్నినా మళ్లీ దారి చేసివ్వాలి. గీత దాటి స్వేచ్ఛగా తిరగడానికి మాత్రం 2000లో చట్టం వచ్చింది, అదీ కొండలూ బీళ్లూ ఉన్న చోట్లే, ఇంగ్లండు మొత్తంలో 8 శాతం నేల. సర్వేయరు గారు శ్రద్ధగా విని, "గీత కాపాడుకున్నారు చూడు" అన్నారు. 2020 డిసెంబరులో మన దగ్గర భూముల రీసర్వే మొదలైనప్పట్నించీ ఆయన దిగులు ఒక్కటే. కొత్త కొలతలు వేసేటప్పుడు నేల మీద కనిపించే ఐదడుగుల్ని కొలుస్తారా, పాత పటంలోని పదహారున్నరను తెచ్చి పెడతారా? ఊళ్లో ఎవరైనా అడిగితేనే ఆ గీత మిగులుతుందని ఆయన పదేపదే చెప్పారు. నేనూ అదే నమ్ముతున్నాను.

సాయంత్రం చేలగట్ల మీద నడిచాం. వరి మోకాలెత్తు ఉంది, పచ్చటి పచ్చ. చెప్పులు చేత పట్టుకుని, ఒకరి వెనక ఒకరు. గట్టు మెత్తగా ఉన్న చోట ఆగి, పక్క గట్టు చూసుకుని. మడవ దగ్గర దూకాలే తప్ప తొక్కకూడదు, మట్టి జారితే నీళ్లన్నీ పోతాయి. ఇవన్నీ నాకు మా తాత నేర్పాడు, మా పిల్లకు నేను నేర్పాను.

ఎదురొచ్చిన ప్రతి రైతూ ఒకటే అడిగాడు. "ఏ ఊరు నాయనా? ఎవురి పిల్లోళ్లు?" చెప్పగానే మొహం విప్పారింది, దారి ఇచ్చి పక్కకు నిలబడ్డారు. మన దగ్గర అనుమతి అంటే ఇదే. నాకు హాయిగా అనిపించింది, వెంటనే ఇబ్బందిగానూ అనిపించింది. ఎందుకంటే ఆ ప్రశ్న అందరికీ ఒకేలా దారి ఇవ్వలేదు. శవాన్ని భుజాన పెట్టుకుని శ్మశానం దాకా ఇంకొకరి గట్ల మీద పోవాల్సి వచ్చి, పైరు తొక్కారని తిట్లు తిన్న కాలనీలు మన జిల్లాల్లో ఉన్నాయి. "ఎవురి పిల్లోడివి" అన్నదానికి వాళ్లు చెప్పిన జవాబుకు మొహాలు విప్పారలేదు. అందుకే మర్యాద ఒక్కటీ చాలదని, పటంలో గీత కావాలని, నేను గట్టిగా అంటాను.

జనవరి 19, ఉదయగిరి

ఉదయగిరి బస్టాండు దగ్గర పరోటా, సేరవా. ఇద్దరికీ 110. కొండ కట్టెతో చేసిన చెంచాలు, గరిటెలు ఒక ఇంటి ముందు ఆరబోసి ఉన్నాయి. దువ్వెన పళ్లంత సన్నటి ఫోర్కును ఒకాయన ఆకురాయితో రుద్దుతున్నాడు. దోసె గరిటె ఒకటి, చెంచాలు నాలుగు తీసుకున్నాం. ఆయన చెప్పిన 300కు బేరమాడలేదు.

పాత కోట ఉన్న కొండకు ఎప్పుడూ ఎక్కే దారి కాకుండా, ఊరి బయట చేల మీదుగా ఒక అడ్డదారి ఉందని చెంచాలాయనే చెప్పాడు. పోతుంటే కంది కోసేసిన చేలో గొర్రెల మంద కనిపించింది. జొడిపి గొర్రెలు, తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ నల్లమచ్చ. చేను ఒకరిది, మంద ఒకరిది. గొర్రెలాయన ఎక్కణ్నుంచో తోలుకొచ్చి రాత్రుళ్లు ఇక్కడ మంద కడుతున్నాడు, ఎరువు కోసం రైతే పిలిచి డబ్బూ అన్నమూ పెడుతున్నాడు. "పైరున్నప్పుడు గట్టు మీద కాలు పెట్టనీరు. కోసినంక రమ్మని పిలుస్తారు" అని నవ్వాడు.

మా పిల్ల ఠక్కున ఆగిపోయింది. నార్వేలో 1957 నుంచి ఉన్న చట్టం అచ్చం ఇలాగే ఉంటుందట. అడవీ కొండా ఏడాదంతా అందరివీ. సాగు నేలలోకి మాత్రం పైరు కాలంలో పోకూడదు. అక్టోబరు 14 దాటి ఏప్రిల్ 30 లోపు, నేల గడ్డకట్టో మంచు కప్పో ఉంటే, చేలకు అడ్డంపడి నడవొచ్చు. అక్కడ మంచు చేసే పని ఇక్కడ కొడవలి చేస్తోంది. గొర్రెలాయనకు ఈ సంగతి చెబితే, "అంతే గదా, ఎక్కడైనా పైరే గదా పెద్ద" అన్నాడు.

చెంచాలాయన చెప్పిన అడ్డదారి ఒక బత్తాయి తోట దగ్గరికి తీసుకుపోయి ఆగింది. దారికి అడ్డంగా సర్కారు తుమ్మ కంప. మా వైపుల పల్లెల్లో గేటంటే ఇదే. పెద్ద కొమ్మను నరికి, ముళ్లు బయటికి తిప్పి అడ్డం వేస్తారు. పశువు రాదు, మనిషి కర్రతో ఎత్తి పక్కకు పెట్టుకోవచ్చు. నేను కర్ర కోసం వెతుకుతుంటే లోపల్నుంచి కేక. "ఎవురది? ఆగండాడ!"

అరవై దాటిన ఆడమనిషి, చేతిలో పార. కోపంగా వచ్చింది. ఊరూ పేరూ చెప్పాం, కొండకు పోతామన్నాం. అయినా మెత్తబడలేదు.

"పోయేది మీరొక్కరే అయితే ఎందుకొద్దంటా? వారం వారం గుంపులొస్తారు. ఇట్ట రాండి, చూపిస్తా."

చూపించింది. డ్రిప్ పైపు మీద కాలేసి నడిచి పగలగొట్టిన చోటు, దానికి ఆమె కట్టిన గుడ్డ. చెట్టు మొదట్లో బీరు సీసా పెంకులు, ఏరి ఒక బొక్కెనలో వేసి పెట్టింది. "ఇది అరికాల్లో దిగింది పోయిన నెల" అని పాదం ఎత్తి చూపింది. గాయం మానింది కానీ మచ్చ ఇంకా ఎర్రగా ఉంది. అన్నిటికన్నా ఆమెను బాధపెట్టింది కంప. "తీస్తారు, పోతారు. మళ్లీ వెయ్యరు. రాత్రి పశువులొచ్చి లేత చెట్లు మేసి పోయినాయి. మూడేళ్లు పెంచినవి. తీసినోడు మళ్లీ వెయ్యొద్దా నాయనా? చేతులు లేవా?"

నాకు మాట రాలేదు. మా పిల్ల ఆమె చేతిలో పార తీసుకుని, "మేం పోయేటప్పుడు వేసి పోతాం అవ్వా. వచ్చేటప్పుడూ వేస్తాం" అంది. ఆమె పిల్ల మొహం కాసేపు చూసి, తనే కర్ర తెచ్చి కంప ఎత్తింది. మేం దాటాక మా పిల్లే ఆ కర్రతో కొమ్మను లాగి, ముళ్లు సరిగ్గా బయటికి వచ్చేలా తిప్పి పెట్టింది. అవ్వ నిలబడి చూసి, "ఊఁ" అంది.

ఎక్కడం మూడు గంటలు. గోడలు ఒకదాని వెనక ఒకటి, పైన మసీదు, కింద దూరంగా రంగనాయకుల గుడి. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ దుర్గాన్ని గెలవడానికి ఏడాదిన్నర పట్టింది. 1514లో గెలిచి, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ ఆ ముట్టడి గురించి రాస్తూ, కోటకు ఒకే దారి ఉందని, ఒకరి వెనక ఒకరు తప్ప పోలేనంత ఇరుకని, రాయలు ఆ చోట వెడల్పుగా బాట కొట్టించాడని అంటాడు. పైన నిలబడి ఆ మాట చెబుతుంటే, మా పిల్ల 1932 ఏప్రిల్ సంగతి అందుకుంది. ఇంగ్లండులో కిండర్ స్కౌట్ అనే కొండ మీద జమీందారులు వేటకు పిట్టల్ని పెంచుకుంటూ జనాన్ని రానీయకపోతే, మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లు కార్మికులు వందలాది మంది కలిసి ఎక్కేశారు. ఐదుగురికి జైలు పడింది. ఇవాళ అక్కడ ఎవరైనా నడవొచ్చు. వాళ్లు వారమంతా పొగలో పనిచేసి ఆదివారం ఒక్కరోజు గాలి కోసం ఎక్కారన్నది నన్ను కదిలించింది. మా నెల్లూరులో రైసు మిల్లుల్లో పనిచేసేవాళ్లకు ఆదివారం పోవడానికి ఏ కొండ ఉంది, ఏ దారి ఉంది?

దిగేసరికి నాలుగున్నర. కంప తీశాం, వేశాం. అవ్వ గడప మీద కూర్చోబెట్టి చెంబుతో మజ్జిగ ఇచ్చింది, ఆరు బత్తాయిలు సంచిలో వేసింది. డబ్బులిస్తే తోసేసింది. "బోర్డు ఒకటి రాయించి పెట్టమని మా మనవడికి చెప్తే వినడు. తీసినోళ్లు మళ్లీ వెయ్యాలని" అంది. రాయించి తెస్తామని చెప్పి వచ్చాం.

జనవరి 20, భైరవకోన, మళ్లీ ఉదయగిరి

పొద్దున్నే బజారులో పెయింటరు దగ్గర రేకు బోర్డు చెప్పాం, 350. భైరవకోనకు ఆటో మాట్లాడుకున్నాం.

భైరవకోన గురించి ఎక్కువ రాయను. ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కన దూకే జలపాతం. జనవరిలో నీళ్లు సన్నగా ఉన్నాయి, రాయి చల్లగా ఉంది. ఇక్కడ దారి గురించి ఎవరూ అడగలేదు. దేవుడు ఉన్న చోటికి మన దగ్గర దారి మూయడానికి ఎవరూ సాహసించరు. కార్తీక పౌర్ణమికీ శివరాత్రికీ జనం పొలాల్లోంచి నడిచి వచ్చినా రైతు ఏమీ అనడు, పైగా కుండలో నీళ్లు పెడతాడు. మా పిల్ల దీన్ని పుస్తకంలో రాసుకుంది. గుడికి పోయేవాడికి ఉన్న చనువు, ఊరికే కొండ చూడ్డానికి పోయేవాడికి కూడా దొరకాలని నా కోరిక. కొండను చూడాలనిపించడం కూడా ఒక రకం భక్తే.

సాయంత్రం బోర్డు తీసుకున్నాం. పచ్చ రేకు మీద తెల్ల అక్షరాలు: "కంప తీసినవాళ్లు మళ్లీ వేసి పోవలెను." మా పిల్ల పెయింటరును అడిగి, చిన్న డబ్బాలో మిగిలిన తెల్లరంగు, పాత బ్రష్ ఒకటి కూడా తీసుకుంది. ఎందుకని అడిగితే, అవ్వ ఏమైనా మార్చమంటుందేమో అంది.

అవ్వకు చదువు రాదు. చదివి వినిపించమంది. రెండుసార్లు వింది. పక్కన తుమ్మ మొద్దుకు బోర్డును తీగతో బిగించే దాకా ఏమీ అనలేదు. బిగించాక వెనక్కి జరిగి చూసి, "కింద జాగా ఉందిగా?" అంది.

"ఉందవ్వా. ఏం రాయాలి?"

"నీళ్లు కావాలంటే పిలవండి అని రాయి. పైకి పోయేసరికి నోరెండిపోతది పాపం."

మా పిల్ల మోకాళ్ల మీద కూర్చుని, వెలుతురు పోకముందే, ఆ రెండో లైను రాసింది.